ఒక ప్లాట్‌లో ఒకే ఇల్లు.. బర్క్‌లీలో అద్దెల మోతకు ఈ రూలే కారణమా?

అమెరికా కాలిఫోర్నియాలోని బర్క్‌లీ.. 40 వేల మందికి పైగా స్టూడెంట్స్ చదువుకునే యూనివర్సిటీ సిటీ. ఇక్కడ రూమ్ దొరకడమే కష్టం. దొరికినా అద్దె మోత తప్పదు. దీనికి ఒక కారణం ‘సింగిల్ ఫ్యామిలీ జోనింగ్’. అంటే ఒక ప్లాట్‌లో ఒక కుటుంబానికి ఒకే ఇల్లు కట్టాలి. అపార్ట్‌మెంట్ కడతామంటే కుదరదు. 1916లో ఎల్మ్‌వుడ్ ఏరియాలో ఈ రూల్ మొదలైంది. తర్వాత స్టూడెంట్స్ పెరిగారు కానీ, ఆ స్థాయిలో ఇళ్లు పెరగలేదు. ఈ రూల్ వెనుక జాతి వివక్ష ఉందని 2021లో సిటీ కౌన్సిలే ఒప్పుకుంది. 2025లో కొండ ప్రాంతాలు మినహా మిగతా నివాస ప్రాంతాల్లో చిన్న అపార్ట్‌మెంట్లకు ఓకే చెప్పింది. అయితే అవి కట్టడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా అద్దె భారం స్టూడెంట్స్‌పైనే!