కుడి చెయ్యి ఖాళీగా ఎందుకుంది?

ఆర్పీజీ గేములు ఆడే అలవాటున్నవాళ్ళకి ఈ తలనొప్పి తెలిసే ఉంటుంది. మన పాత్ర దూరం నుంచి బాణాలు వెయ్యాలి, శత్రువు మీదికొచ్చేస్తే కత్తి దుయ్యాలి. మరి వీడికి ఏ కవచం తొడగాలి? తేలికపాటిది వేస్తే కత్తియుద్ధంలో రెండు దెబ్బలకే పోతాడు. బరువైనది వేస్తే నాలుగడుగులు పరుగెత్తి ఆయాసపడతాడు. పోనీ పైన ఇనుము, కింద తోలు అని కలిపేద్దామంటే గేము ఒప్పుకోదు. 2011లో వచ్చిన స్కైరిమ్‌నే తీసుకోండి. తలనుంచి పాదాలదాకా ఒకే సెట్టు తొడుక్కున్నవాడికి 25 శాతం అదనపు రక్షణ ఇచ్చే పర్క్ ఒకటుంది అందులో. కలిపి వేసుకున్నవాడు దాన్ని వదులుకోవాల్సిందే.

మా టీములో లంచ్ టైములో దీనిమీద ఓ చిన్న చర్చ నడిచింది. "గేము వాళ్ళు చేసిందే కరెక్టు గురూ. రెండు పనులూ నెత్తినేసుకున్నవాడు రెంటికీ చెడ్డ రేవడే. నిజం యుద్ధాల్లో కూడా విలుకాడంటే ఒట్టి బట్టలు, కత్తివీరుడంటే నిలువెల్లా ఇనుము, అంతే కదా" అన్నాడొక మిత్రుడు. ఇలా అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు లెండి, పాపం సినిమాలది. చరిత్రలోకి వెళ్ళి చూస్తే మాత్రం వ్యవహారం దాదాపు తల్లకిందులుగా కనిపిస్తుంది. రెండు పనులూ వచ్చినవాళ్ళే కొన్ని వందల ఏళ్ళు యుద్ధరంగాల్ని ఏలారు. వాళ్ళ కవచం "సగం బరువు, సగం తేలిక" అనే రాజీ కాదు. ఒంట్లో ఒక్కో భాగం ఏ పని చేస్తుందో చూసి, ఆ భాగానికి విడిగా తీసుకున్న నిర్ణయం.

ముందు ప్రొకోపియస్ అనే పెద్దమనిషి సంగతి చెప్పాలి. 6వ శతాబ్దంలో బైజాంటియన్ చక్రవర్తి జస్టీనియన్ సేనాపతి బెలిసారియస్ దగ్గర పనిచేసినవాడు, ఆ యుద్ధాల చరిత్ర రాసినవాడు. ఆ పుస్తకం మొదట్లోనే మా మిత్రుడిలాంటి వాళ్ళతో ఆయన దెబ్బలాట పెట్టుకుంటాడు. హోమర్ కావ్యాల్లో విలుకాళ్ళు పక్కవాడి డాలు చాటున నక్కి బాణాలు వేసేవాళ్ళు గనక, విలుకాళ్ళంటే ఎప్పటికీ అంతే అని చిన్నచూపు చూసేవాళ్ళు అప్పుడూ ఉన్నారన్నమాట. ఆయనకి ఒళ్ళు మండింది. మా కాలపు విలుకాడు అలాంటివాడు కాదు, ఒంటికి కవచం, మోకాళ్ళదాకా కాలి తొడుగులు, కుడిపక్క బాణాలు, ఎడమపక్క కత్తి, కొందరికైతే ఈటె కూడా అంటూ వరసగా చెప్పుకొస్తాడు. అందులో నాకు భలే నచ్చింది డాలు. దానికి పిడి లేదు! రెండు చేతులూ వింటికే సరిపోతే డాలు పట్టుకునేదెవరు? అందుకని చిన్న డాలు ఒకటి భుజం దగ్గర తగిలించేసుకుని ముఖాన్నీ మెడనీ కాపాడుకున్నారు.

ఇదే సమస్యని పట్టుకుని జపానువాళ్ళు ఇంకా చాలా దూరం వెళ్ళారు. సమురాయ్ అనగానే మనకి కత్తి గుర్తొస్తుంది గానీ, 10వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా వాళ్ళ అసలు పని గుర్రం మీంచి బాణాలు వెయ్యడం. యోధుడి ధర్మాన్ని వాళ్ళు పిలుచుకున్న పేరే "విల్లూ గుర్రమూ దారి". కత్తి ఆ తర్వాతి మాట, శత్రువు చేతికందేంత దగ్గరికొచ్చినప్పటిది. ఆ పనికోసం తయారైనదే ఓ-యొరోయి, అంటే పెద్ద కవచం. దాదాపు 30 కిలోల బరువు.

దాని ఫొటో ఒకటి పెట్టుకుని తీరిగ్గా చూడండి. ఎడమా కుడీ ఒకేలా ఉండవు. ఎందుకంటే విల్లు ఎడమచేతిలో ఉంటుంది. గుర్రం మీద కూర్చున్నవాడు తన ఎడమవైపుకి సులువుగా బాణం వెయ్యగలడు, కుడివైపుకి దాదాపు వెయ్యలేడు. అంటే శత్రువుకి కనిపించేది ఎప్పుడూ ఎడమపక్కే. అందుకని ఒంటి కవచం ముందువైపు, ఎడమపక్క, వీపు కలిపి ఒకే ముక్కగా చుట్టుకొస్తుంది. అతుకు ఎడమపక్క లేదు. కుడిపక్క మిగిలిన సందుని మూయడానికి వైదాతే అనే విడి పలక, దాన్ని ముందే కట్టుకోవాలి.

రొమ్ముకి రెండు పక్కలా, చంకల దగ్గర, రెండు చిన్న పలకలు వేలాడుతుంటాయి. ఎడమది వంగని ఒకే రేకు. కుడిది చిన్న పట్టీలు పేర్చి కుట్టినది, వంగుతుంది. కుడిచెయ్యి నారిని వెనక్కి లాగేటప్పుడు అడ్డు రాకుండా మడతపడాలి కదా మరి. రొమ్ము మీద బొమ్మలేసిన నున్నటి తోలు పరిచి ఉంటుంది. చూసేవాళ్ళకి అలంకారంలా ఉంటుంది గానీ, దాని పేరు త్సురుబషిరి, అంటే వింటినారి పరుగెత్తే చోటు. కవచం పొలుసులకీ, వాటిని కుట్టిన తాళ్ళకీ నారి తగులుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అందుకు వేశారు దాన్ని.

ఇక చేతులు. ఎడమచేతికి మాత్రమే ఇనుప పలకలు కుట్టిన తొడుగు ఉంది. శత్రువు వైపు చాచి ఉండేది ఆ చెయ్యే, పైగా వదులు చొక్కా చెయ్యి నారికి తగలకుండా బిగించి పట్టుకోవడానికి కూడా అది పనికొస్తుంది. కుడిచేతికి? ఒట్టి బట్ట, అరచేతికో తోలు గ్లవ్. అంతే. భుజాలకి మాత్రం తలుపు రెక్కల్లాంటి పెద్ద పలకలు, వీపు మీద తాళ్ళతో కట్టి ఉంటాయి. చేతులెత్తి విల్లు లాగితే అవి వెనక్కి జారిపోతాయి, బాణం వదిలి ఒంగితే ముందుకొచ్చి డాలులా అడ్డుపడతాయి. ప్రొకోపియస్ చెప్పిన పిడిలేని డాలే కదా ఇది! ఆ ఊరికీ ఈ ఊరికీ ఏ సంబంధమూ లేదు. చేతులు ఖాళీ లేవన్న ఇబ్బంది ఒక్కటే అయినప్పుడు జవాబులూ అలా కలుస్తాయి కాబోలు.

దీనికి వాళ్ళు కట్టిన మూల్యం చిన్నది కాదు. బరువు చాలావరకు భుజాల మీదే పడుతుంది. జీను మీద కూర్చున్నంతసేపూ ఫరవాలేదు, గుర్రం దిగితే నరకం. తొడల్ని కప్పే పలకలు నాలుగే, పెద్దవి. కూర్చోడానికి బావుంటాయి, నడవడానికి కాదు. కత్తి దూసినప్పుడైతే ముందుకెళ్ళేది ఏ రక్షణా లేని ఆ కుడిచెయ్యే. ఇది చేసినవాడికి ఈ సంగతి తెలీదనుకోకండి. మన భాషలో చెప్పాలంటే ఇది బగ్ కాదు, తెలిసి తెలిసి ఒప్పుకున్న ట్రేడాఫ్ :)

కాలంతోపాటు పని మారింది. 14వ శతాబ్దానికి గుర్రం దిగి కత్తులతో, పొడుగు కర్ర ఆయుధాలతో కలబడడం ఎక్కువైంది. అప్పుడు పెద్ద యోధులు ఏం చేశారో తెలుసా? నడిచే బంట్లు వేసుకునే దో-మారు అనే తేలిక కవచాన్ని తీసుకున్నారు. అది ఒంటిచుట్టూ చుట్టుకుని కుడిపక్క మూసుకుంటుంది, తొడల పలకలు 8, హాయిగా నడవొచ్చు. దానిమీద తమ పాత ఓ-యొరోయి శిరస్త్రాణమూ, ఆ తలుపు రెక్కల భుజపలకలూ తగిలించుకున్నారు. చేతి తొడుగులు ఇప్పుడు రెండు చేతులకీ వచ్చాయి. గేము భాషలో ఇది శుద్ధ మిక్సింగ్. వేసుకున్నవాళ్ళు డబ్బుల్లేక వేసుకున్నవాళ్ళు కాదు, సేనాపతులు.

మనవైపు మొగలాయి రౌతులదీ ఇదే తీరు. గొలుసు చొక్కా మీద చార్ ఆయినా, అంటే నాలుగు అద్దాలు: రొమ్ముకొకటి, వీపుకొకటి, పక్కలకి రెండు. పక్క పలకలకి చంక దగ్గర వంపుగా కోత ఉంటుంది, చెయ్యి ఆడాలిగా. ముఖానికి ముక్కుని కాపాడే సన్నటి పట్టీ మాత్రమే, యూరప్ నైట్లలా మూత ఉండదు. మూత వేసుకుంటే నారిని చెవిదాకా లాగేదెలా? ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళినప్పుడు గడియారం దగ్గరే ఆగిపోకుండా ఆయుధాల గ్యాలరీకి కూడా ఓ గంట కేటాయించండి.

ఇదంతా ఆలోచించి తయారుచేసిన మిక్సు. ఎవరూ ఆలోచించని మిక్సు ఒకటుంది, అది చెప్పి ఆపుతాను. తకెజాకి సుఎనాగ అని క్యూషూ ద్వీపంలో ఓ చిన్న యోధుడు. 1274లో మంగోలులు హకతా తీరంలో దిగినప్పుడు వెంట ఐదుగురు రౌతులే ఉన్నా ముందుకి దూకాడు. గుర్రానికి బాణాలు తగిలాయి, తనకీ గాయమైంది, వెనకనుంచి ఇంకో దండు వచ్చి కాపాడింది. బహుమానం రాలేదు. మర్నాడేడు గుర్రాలూ జీన్లూ అమ్మి ఆ డబ్బుతో కమకురా దాకా వెళ్ళి, నా కష్టం లెక్కలోకి తీసుకోండని అధికారుల దగ్గర మొరపెట్టుకుని, కొంత భూమి మీద అధికారమూ ఒక గుర్రమూ సాధించుకొచ్చాడు.

1281లో మంగోలులు మళ్ళీ వచ్చారు. ఈసారి యుద్ధం పడవల మీద. సుఎనాగ పడవ సమయానికి రాలేదు. ఏవో అబద్ధాలు చెప్పి ఇంకొకరి పడవలోకి దూకేశాడు. ఆ హడావుడిలో శిరస్త్రాణం తెచ్చే మనిషి వెనకే ఉండిపోయాడు. కాలి తొడుగులు రెండూ విప్పి, కలిపి కట్టి, నెత్తిన పెట్టుకున్నాడు. అది చూసి ఆ పడవ నాయకుడు తన కుర్ర బంటు తలమీది శిరస్త్రాణం తీసి ఇవ్వబోయాడు. సుఎనాగ వద్దన్నాడు. అది లేక ఆ కుర్రాడు చచ్చిపోతే వాడి పెళ్ళాం బిడ్డలు ఏడుస్తారు, ఆ పాపం నాకెందుకు అన్నాడు.

ఈ కథంతా 1293 ప్రాంతంలో ఆయనే బొమ్మలతో రాయించుకున్న పటంలో ఉంది. కాలి తొడుగులు నెత్తిన కట్టుకునే మంగోలుల పడవ ఎక్కాడు, బతికి బయటపడ్డాడు.