వెలుగోటి యాచమ నాయకుని సైనిక జీవితం: బరదాస్ లేఖకు ముందూ తరువాతా

వెలుగోటి యాచమ నాయకుడు ఆరవీటి వెంకటపతి రాయల సేనాని, వెంకటగిరి సంస్థానాధీశుల పూర్వీకుల్లో ఒకడు. 1614 అక్టోబరులో రాయలు మరణించాక చెలరేగిన వారసత్వ యుద్ధంలో రాజపక్షానికి నాయకత్వం వహించాడు. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ రాబర్ట్ సూయెల్ ఏర్పరచిన చట్రంతోనే. విజయనగరం మీద 1900లో వెలువరించిన గ్రంథంలో ఆయన పోర్చుగీసు జెస్యూట్ మాన్యుయెల్ బరదాస్ 1616 డిసెంబరు 12న రాసిన లేఖను అచ్చువేశాడు. అప్పటినుంచి యాచమ అంటే చాకలిమూటలో రాకుమారుణ్ణి దాటించిన స్వామిభక్తుడే. అంతకుముందు అతడు కత్తి పట్టనట్టు, ఆ తరువాత చేసిందంతా తంజావూరు రఘునాథ నాయకుడి వెనక నిలబడటమే అయినట్టు కథ స్థిరపడింది.

నెలటూరి వెంకటరమణయ్య పరిష్కరించిన ‘వెలుగోటివారి వంశావళి’ 1939లో వచ్చాక ఈ కథ నిలవకూడదు. రాయవేలూరు లింగమ నాయకుడు చంద్రగిరిలోని రాయల దర్బారుకు లొంగక ఎదురు తిరిగిన కాలంలో, 1601లో, ఉత్తరమల్లూరు దగ్గర పెద్ద పోరు జరిగింది. లింగమ పక్షాన వచ్చినవాడు దావలు పాపా నాయుడు. వంశావళి పద్యాల్లో ఉత్తరమల్లూరు కోట ముట్టడీ, పాపా నాయుడు నేలకూలడమూ పదేపదే వినిపిస్తాయి. యాచమ శౌర్యానికి కవులు ఎంచుకున్న గుర్తు చాకలిమూట కాదు, ఉత్తరమల్లూరు. తరువాతి కొన్నేళ్లలో లింగమ ఓడాడు, రాయవేలూరు కోట రాయల వశమైంది, దర్బారు చంద్రగిరి నుంచి అక్కడికి కదిలింది. అంటే 1614లో ఏ కోటలో రాజకుటుంబం బందీ అయిందో, ఆ కోట రాయల చేతికి వచ్చిన పోరులో యాచమ పాలు ఉంది. వంశావళి కూడా ఇంటి పొగడ్తే కదా అనవచ్చు. జెస్యూట్ లేఖ మాత్రం సాక్షి వాంగ్మూలమా?

వెంకటపతి రాయలు అన్న కొడుకు శ్రీరంగ రాయలకు రాజ్యం అప్పగించాడు. రాణి ఓబాయమ్మ బంధువు గొబ్బూరి జగ్గరాయడు కూటమి కట్టి, శ్రీరంగ రాయల కుటుంబాన్ని రాయవేలూరు కోటలో బంధించి, రాణి కొడుకని చెప్పిన పిల్లవాణ్ణి సింహాసనమెక్కించాడు. తలవంచని ప్రముఖుడు యాచమ ఒక్కడే. శ్రీరంగ రాయల రెండో కొడుకు రామదేవుణ్ణి చాకలివాడి సాయంతో బయటికి రప్పించాడు. బందీలను విడిపించే ప్రయత్నం మాత్రం బెడిసికొట్టింది, చెరలో మిగిలిన శ్రీరంగ రాయల కుటుంబమంతా హతమైంది.

నిర్ణాయకమైన పోరు కల్లణై సమీపంలోని తోపూరులో, 1616 చివర లేదా 1617 మొదట్లో జరిగింది. బరదాస్ లేఖ తిరుచినాపల్లి మైదానంలో సేనలు పోగవుతున్న దగ్గరే ఆగిపోతుంది. ఫలితం కోసం చదువరి తంజావూరు కావ్యాలకు వెళ్లక తప్పదు. రామభద్రాంబ సంస్కృత కావ్యం ‘రఘునాథాభ్యుదయం’లో నాయకుడెవరో పేరే చెబుతోంది. ఆస్థాన కవయిత్రి తన ప్రభువుకు విజయం కట్టబెట్టడంలో వింత లేదు. ఆ కావ్యాన్ని యుద్ధభూమి పటంగా వాడుకున్న చరిత్రకారులదే వింత. ఎదుటి పక్షంలో మధుర, సెంజి నాయకులున్నారు. వాళ్లు జగ్గరాయడితో కలవకముందే రామదేవుడి పక్షాన్ని రెండేళ్లకు పైగా యుద్ధంలో నిలిపి, దక్షిణానికి తెచ్చి రఘునాథుడితో కలిపినవాడు యాచమ. జగ్గరాయడు తోపూరులో చనిపోయాడు. యాచమ లేకపోతే ఆరవీటి వంశం రాయవేలూరు చెరసాలలోనే ముగిసేదని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

జగ్గరాయడి తమ్ముడు యతిరాజు పోరు సాగించాడు. చివరికి రామదేవ రాయలు అతని కూతుర్ని పెళ్లాడి సంధి చేసుకున్నాడు. ఆ సంబంధంతో దర్బారులో యాచమకు పట్టు సడలింది. రామదేవుడి పాలన 1632 వరకు సాగింది. వెలుగోటివారి పలుకుబడి మాత్రం చుట్టరికంలో నిలిచింది: యాచమ చెల్లెలిని చేసుకున్నవాడు దామెర్ల చెన్నప్ప, 1639లో ఇంగ్లీషువారికి మదరాసు స్థలం ఇప్పించింది అతని కొడుకు వెంకటప్ప. చెన్నపట్నం పుట్టుకలో కూడా యాచమ గెలుపులకు వాటా ఉందనే అనుకోవాలి.