విద్యార్థి రేసు కారులో డ్రై సంప్: చరిత్ర, అవసరం

ఇంజిన్ అడుగు తొట్టిలోనే ఆయిల్ నిలవ ఉంటే అది వెట్ సంప్. అడుగుకు జారిన ఆయిల్‌ను ఒక పంపు తోడి వేరే ట్యాంకులో పోస్తూ ఉంటే, మరో పంపు దాన్ని బేరింగులకు అందిస్తూ ఉంటే అది డ్రై సంప్. ఈ పద్ధతి విమాన ఇంజిన్లలో కుదురుకుని, 1964 నాటి పోర్షే 911, 1967 నాటి కాస్వర్త్ డీఎఫ్‌వీ ఇంజిన్ల మీదుగా విద్యార్థుల కార్లలోకి దిగివచ్చిందని సాధారణంగా చెబుతారు. ఇంజిన్‌ను కిందికి దించి బరువు కేంద్రాన్ని తగ్గించడమే దీని ప్రయోజనమనీ అంటారు. ఈ కథనంలో తేదీలకు వంక పెట్టనక్కరలేదు, కారణమే చాలదు.

డ్రై సంప్ రేసు ట్రాకుకే చెందినదన్న అభిప్రాయం కూడా నిలవదు. 1955 నుంచి మద్రాసులో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌లోని పాత ఇనుప ఇంజిన్ డ్రై సంప్‌దే. దాని ట్యాంకు క్రాంకు కేసు పోతలోనే ఒక అరగా ఉంటుంది. ఆయిల్ పంపేందుకు ఒక పంపు, వెనక్కి తోడేందుకు అంతకన్నా పెద్ద పంపు ఉంటాయి. బండి చాలా రోజులు కదలకపోతే ట్యాంకులోని ఆయిల్ క్రాంకు కేసులోకి దిగిపోతుంది, స్టార్ట్ చేయగానే బ్రీదర్ గొట్టం నుంచి చిమ్ముతుంది. దువ్వూరు మీదుగా సాగే కడప–కర్నూలు రహదారి పక్కన పాత బుల్లెట్లు విప్పిన మెకానిక్కుకు ఈ సంగతి కొత్త కాదు.

విద్యార్థుల పోటీ ఫార్ములా ఎస్‌ఏఈ 1981లో టెక్సాస్‌లో మొదలైంది. ఇంజిన్ పరిమితి మొదట 610 సీసీ, తర్వాత 710 సీసీ. ఆ పరిమాణంలో తేలిగ్గా ఉండి, గేర్‌బాక్స్‌తో సహా దొరికేది మోటార్‌సైకిల్ ఇంజినే. అసలు చిక్కు అక్కడే ఉంది. మోటార్‌సైకిల్ మలుపులో పక్కకు వాలుతుంది కనుక బరువూ మలుపు తోపూ కలిసి ఆయిల్‌ను తొట్టి అడుగుకే నొక్కుతాయి. అదే ఇంజిన్ కారులో వాలదు. ఆయిల్ తొట్టి గోడమీదికి ఎగబాకి, పీల్చే గొట్టం మూతి గాలిలో తేలుతుంది.

ఎంత ఎగబాకుతుందో లెక్కకు అందుతుంది. ఈ పోటీలో గుండ్రంగా తిరిగే స్కిడ్‌ప్యాడ్ పరీక్షలో లోపలి వలయం వ్యాసం 15.25 మీటర్లు, దారి వెడల్పు 3 మీటర్లు. ఒక చుట్టు 5 సెకన్లలో పూర్తయితే పక్కతోపు భూమ్యాకర్షణకు దాదాపు 1.47 రెట్లు. అప్పుడు ఆయిల్ మట్టం సుమారు 56 డిగ్రీలు వాలుతుంది. చుట్టుకు 6 సెకన్లు పట్టే నెమ్మది కారులోనూ 45 డిగ్రీలు దాటుతుంది. పీడనం పడిపోయేది కొద్ది క్షణాలే అయినా కనెక్టింగ్ రాడ్ బేరింగు మీది ఆయిల్ పొర తెగడానికి అవి చాలు. 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగులో అలాంటి క్షణాలు మలుపు మలుపుకూ వస్తాయి.

ఎత్తు తగ్గించడం అసలే కారణం కాదనడం కూడా సరికాదు. లోతైన తొట్టి ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను దించితే లాభం నిజంగానే ఉంటుంది. అయితే 2000ల మధ్యలో మెల్‌బోర్న్ ఆర్‌ఎంఐటీ జట్టు వాడిన యమహా 450 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్ మరో సంగతి చెబుతుంది. అది ఫ్యాక్టరీ నుంచే డ్రై సంప్‌తో వచ్చింది, ఆయిల్ ఉండేది బండి ఫ్రేములో. కారుకు బిగించేటప్పుడు ఆ ఫ్రేము ఉండదు కనుక ట్యాంకు వేరుగా కావాలి. అక్కడ డ్రై సంప్ ఇంజిన్‌తోపాటే కారులోకి వచ్చింది.

అమర్చడంలో పంపు ఎంపిక కన్నా ట్యాంకే కష్టం. తోడే పంపుకు ఆయిల్‌తోపాటు గాలీ వస్తుంది కనుక దాని సామర్థ్యం అందించే పంపు కన్నా బాగా ఎక్కువ ఉండాలి. ట్యాంకు పొడవుగా, సన్నగా ఉండి, ఆయిల్ గోడ వెంబడి సుడిగా దిగితేనే నురగ విడిపోతుంది. పీల్చే వైపు హోస్ పొట్టిగా, లావుగా ఉండాలి. మట్టం ఇంజిన్ వేడెక్కి నడుస్తుండగానే చూడాలి.

మన దేశంలో ఇలాంటి విద్యార్థి పోటీ సుప్రా ఎస్‌ఏఈ ఇండియా 2011లో మొదలైంది, అలాంటిదే ఫార్ములా భారత్ కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో జరుగుతోంది. ఇక్కడ ఎక్కువగా కనిపించే కేటీఎం 373 సీసీ ఇంజిన్ వెట్ సంప్‌దే, క్లచ్‌కూ గేర్లకూ అదే ఆయిల్. దానికి డ్రై సంప్ తగిలిస్తే బరువూ లీకులూ పెరుగుతాయి, దిగే ఎత్తు స్వల్పం. తొట్టిలో అడ్డుపలకలు వేసి, పీల్చే గొట్టం మూతిని సరిచేస్తే చాలా కార్లకు సరిపోతుంది. పీడనం లెక్కలు తీయకుండా విదేశీ జట్లను చూసి పంపు కొనడం సమర్థనీయం కాదు. పులివెందుల జేఎన్‌టీయూఏ కళాశాలలోనో, ప్రొద్దుటూరు యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలలోనో విద్యార్థులు ఇలాంటి కారు తలపెడితే మొదటి ఖర్చు ఆయిల్ పీడనం నమోదు చేసే సెన్సరుకు పెట్టాలి. మలుపులో పీడనం పడుతోందని అది చూపించి, అడ్డుపలకలతో ఆగకపోతేనే డ్రై సంప్ జోలికి వెళ్లాలి.