ఎవరి బురుజు వాళ్లది

మంట దగ్గరికి జరుగు బిడ్డా, చలి కొడుతుంది. చాయ్ కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుంటనంటున్నవు. బోర్డు వాళ్లదే, పొడి వాళ్లదే, గిలాస గూడ వాళ్లదే. "అన్నీ వాళ్లే చెప్తరు తాతా, మనం దుకాణం తెరుసుడే" అంటివి. నా మనసు గా మాట కాడ్నే ఆగింది. ఏది పైనోళ్లు చెప్పాలె, ఏది కిందోళ్లు చూసుకోవాలె అనే గిదే పంచాయితీ మన ఖిలా వరంగల్ల ఏడు వందల ఏండ్ల కింద నడిచింది.

ఓరుగల్లుల కూసోని ఊరూరు ఏలుడు ఎవరి తరం? అందుకే కాకతీయులు నాయంకరం పెట్టిన్రు. నాయకునికి ఊళ్లు అప్పజెప్తరు. ఆ రాబడితోని ఆయన సైన్యాన్ని సాకాలె, రాజు పిలిస్తె కదిలి రావాలె. రుద్రమదేవి దీన్ని నిలబెట్టింది, ప్రతాపరుద్రుడు పెంచిండు. 77 మంది నాయకులు ఓరుగల్లు కోటల తలా ఒక బురుజు కాసిన్రని ప్రతాప చరిత్రల ఉంటది.

కొన్నిటి మీద మాత్రం రాజుది ఒక్కటే మాట. సుంకమే చూడు. ముందుగాల గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తె సరుకంత రాజులు గుంజుకునేటోళ్లు. 1244ల గణపతిదేవుడు మోటుపల్లి రేవుల అభయశాసనం ఏయించిండు. సుంకం ముప్పైల ఒక వంతు, అంతే. ఏ దేశపోడు వచ్చినా అదే లెక్క.

మరి చెరువు ఏడ తవ్వాలె, గుడి ఎట్ల కట్టాలె? అది అక్కడున్నోని ఇష్టం. చెరువు తవ్వించి కాపాడినోనికి దశబంధమని పదో వంతు దక్కేది. హనుమకొండ వెయ్యి స్తంభాల గుడి 1163ల రుద్రదేవుడు కట్టించింది, మూడు గర్భగుళ్లు. యాభై ఏండ్లకు, 1213ల, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటల రామప్ప కట్టించిండు. ఎత్తు అరుగు, నునుపుదేరిన నల్లరాతి స్తంభాలు చూడంగనే కాకతీయులదని చెప్తవు. కని గర్భగుడి ఒక్కటే. గోడలకు ఎర్ర ఇసుకరాయి, శిఖరానికి నీళ్లల్ల తేలే ఇటుక, చూరు కింద నల్లరాతి మదనికలు. దగ్గర్నే చెరువు. ఓరుగల్లుల నమూనా గీసి గట్లనే కట్టుమని పంపితె, 2021ల యునెస్కో మెచ్చిన గుడి పుడుతుండెనా?

అట్లని పగ్గం ఇడిసిపెట్టుడు గూడ కాదు. కాయస్థ అంబదేవుడు రుద్రమదేవి కిందోడే, బలం పెరిగినంక ఎదురు తిరిగిండు. 1289ల ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు కాలం జేసిన్రని చందుపట్ల శాసనంతోని తెలిసింది. ఆ పోరులనే పోయిన్రని చరిత్రకారులు అంటరు. అంతటి రాణి బిడ్డా, సొంత నాయకుని చేతుల! తలుసుకుంటె ఇప్పటికీ కడుపుల దేవినట్టయితది.

1323ల కోట ఢిల్లీ వశమైంది, ప్రతాపరుద్రున్ని పట్టుకపోయిన్రు. పదిహేనేండ్లు తిరగకముందే ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును మళ్ల గెలిచిండు. సొంతంగ ఏలుడు తెలిసిన నాయకులు మిగిలిన్రు గనుకనే అది అయిందని నేనంట.

ఇగ నీ ముచ్చట. పాలు, పొడి, శుభ్రం, లెక్కలు వాళ్లు చెప్పినట్టే నడిపియ్యి, వీసమెత్తు తప్పకు. కని సంక్రాంతికి సకినాలు, వానకాలం మీ నాయనమ్మ చేతి సర్వపిండి వాళ్లు నిన్ను అమ్ముకోనియ్యాలె. కోట తోరణాలు చూడవచ్చేటోళ్ల కోసం పొద్దున ఎన్నింటికి తెరవాలన్నది నువ్వే చెప్పాలె. ఒప్పుకుంటె కాయిదంల రాపియ్యి, అటెన్క సంతకం పెట్టు.