పర్ణశాల: నది ఒకటే, చట్టాల పుస్తకాలు రెండు

పర్ణశాల వెళ్తే సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులు చూపిస్తారు. ఈ ఎపిసోడ్‌లో మనం అవి కాసేపు పక్కన పెట్టి, గోదావరి అవతలి ఒడ్డు వైపు చూద్దాం. స్వాతంత్ర్యానికి ముందు అటు నైజాం రాజ్యం, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ. అటు కోర్టు భాష ఉర్దూ, ఇటు చట్టాలు ఇంగ్లీషులో. రెండు ఒడ్లలోనూ ఉన్న కోయ రైతు మాట్లాడే భాష మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఇటువైపు 1917లోనే ఏజెన్సీ భూముల చట్టం వచ్చింది. ప్రభుత్వ ఏజెంటు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోతే ఆ బదిలీ చెల్లదు. రూలు మంచిదే. కానీ అలాంటి రూలు ఒకటుందని భూమి పోగొట్టుకునే మనిషికి ఎవరు చెప్పాలి?

1959లో 1/59 నిబంధన వచ్చింది. అదే ఏడాది భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. ఇక్కడో తమాషా ఉంది. జిల్లా ఒకటైంది గానీ చట్టం ఒకటి కాలేదు! 1/59 తెలంగాణ వైపు అమల్లోకొచ్చింది 1963 డిసెంబరు 1న. అంటే అప్పటిదాకా ఒకే జిల్లాలో, ఏరు దాటితే వేరే పుస్తకం తెరవాల్సిందే.

తర్వాత మనందరం విన్న 1/70. చట్టం అంటాం గానీ, ఇది అసెంబ్లీ చేసింది కాదు, ఐదో షెడ్యూలు కింద గవర్నర్ తెచ్చిన నిబంధన. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి. కాదని రుజువు చేసే భారం ఆ గిరిజనేతరుడిదే. 1988లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. ఈ ఒక్క వాక్యం తెలిస్తే కేసులో మనిషి నిలబడే చోటే మారిపోతుంది.

మరి ఆ వాక్యం ఎక్కడ చదవాలి? బార్ అసోసియేషన్ లైబ్రరీలు మామూలుగా మెంబర్లయిన లాయర్ల కోసమే. 1960 చట్టం కింద నడిచే పబ్లిక్ లైబ్రరీలో ఎవరైనా కూర్చుని చదవొచ్చు. ఇంటికి తీసుకెళ్లాలంటే డిపాజిట్ కట్టి మెంబరవ్వాలి, అయినా రిఫరెన్స్ పుస్తకాలు బయటికివ్వరు. ఆ డబ్బు ఎక్కడిదనుకున్నారు? మన ఇంటి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు! ఇంకోటి, ప్రభుత్వ ఆఫీసు జనం కోసం లైబ్రరీ గానీ రీడింగ్ రూమ్ గానీ నడిపితే, దాని వేళలు ఎవరూ అడగకుండానే ప్రకటించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది.

2023 నుంచి సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్‌లో ఫ్రీగా చదవొచ్చు. గెజిట్‌లో వచ్చిన 1/70 నిబంధనని జెరాక్స్ తీసి ఊరంతా పంచినా, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం తప్పు కాదు. అదే పేజీలో ప్రైవేటు పబ్లిషర్ సొంతంగా రాసుకున్న హెడ్‌నోట్ ఉంటే మాత్రం, అది వాళ్లది. దాన్ని వదిలేసి జెరాక్స్ తీయించండి.