ఊరుకాని ఊళ్లో పూచీ ఎవరు?

బెయిల్ వచ్చినంత మాత్రాన జైలు గేటు తెరుచుకోదు. ఫలానా మొత్తానికి ఇద్దరి పూచీకత్తు ఇవ్వాలని జడ్జి రాసిన షరతు తీరాలి. మాదాపూర్ హాస్టల్లో ఉండే ఒడిశా టెకీకైనా, కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే బిహార్ మేస్త్రీకైనా చిక్కు అక్కడే. ఇంటిపన్ను రసీదో, ఆస్తి కాగితాలో పట్టుకుని కోర్టుకొచ్చే మనిషి హైదరాబాద్‌లో వాళ్లకెవరున్నారు?

ఈ పద్ధతి పుట్టింది అందరూ అందరికీ తెలిసిన ఊళ్లలో. ఏ నేరానికి జామీను ఇవ్వాలో, దేనికి కూడదో ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ శాసనం విడదీసి చెప్పింది. మోయలేనంత జామీను అడగొద్దని 1689 హక్కుల చట్టం కట్టడి చేసింది. మన దేశంలో 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, తర్వాత 1898, 1973 కోడ్‌ల మీదుగా ఆ ఏర్పాటు 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత దాకా నడిచొచ్చింది.

అమెరికాలో దారి వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో పూచీ ఒక వ్యాపారం. సాధారణంగా పది శాతం రుసుము తీసుకుని మిగతా భారం బాండు ఏజెంటు నెత్తిన వేసుకుంటాడు. మన దగ్గర అలాంటి ఒప్పందం చట్టం ముందు చెల్లదు. జామీనుదారు మామూలుగా డబ్బు కట్టడు, బాండు మీద సంతకం పెడతాడు. ముద్దాయి వాయిదాకు రాకుండా పారిపోతే కోర్టు బాండును జప్తు చేసి, ఆ సొమ్ము ఎందుకు కట్టకూడదో చెప్పమని నోటీసిస్తుంది. కిరాయికి సంతకాలు పెట్టేవాళ్లను పట్టుకోవడానికి, ఇప్పటికే ఎంతమందికి పూచీ పడ్డారో జామీనుదారులు చెప్పి తీరాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన 2005 సవరణ షరతు పెట్టింది.

1978లో మోతీరామ్ కేసు సుప్రీంకోర్టుకెక్కింది. మధ్యప్రదేశ్‌లో ఒక పేద మేస్త్రీకి మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీకత్తు అడిగారు. సోదరుడు జామీనుగా వస్తానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడ్డారు. ఒక తెలుగువాడో మలయాళీయో బస్తర్‌లోనో చాందినీచౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడని ఆ తీర్పులో నిలదీశారు. 1998లో హైదరాబాద్ హైటెక్ సిటీలో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఆ ప్రశ్న తిరగబడింది. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు ఇప్పుడు తెలుగు గడ్డ మీదే జామీనుదారు కోసం వెతుక్కుంటున్నారు.

హైటెక్ సిటీ చూసిన అతిపెద్ద కేసులో మాత్రం పూచీదారుల కొరత సమస్యే కాలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో మోసం ఒప్పుకున్న ఆ సంస్థ అధినేత రామలింగరాజుకు 2010 ఆగస్టులో హైకోర్టు బెయిలిచ్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. ఆయన నవంబరులో లొంగిపోయి, 2011 నవంబరు 4న మళ్లీ బెయిలు పొందారు. అక్కడ వాదన ఎక్కువగా సాక్ష్యాలు తారుమారవుతాయా అన్నదాని చుట్టూ తిరిగింది.

పేదవాడి చిక్కు తీర్చడానికి చట్టం కొంచెం కొంచెంగా కదిలింది. బెయిలబుల్ కేసులో అరెస్టయిన వారంలోగా జామీను తేలేకపోతే అతణ్ని నిరుపేదగా ఎంచి సొంత పూచీకత్తు మీద వదలాలి. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకుండా, వేరే కేసులేవీ లేకుండా ఉంటే, విడుదల చేయాలి. బెయిలొచ్చినా నెలలోపు బాండు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే చూడొచ్చనీ, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టొద్దనీ 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. పేద ఖైదీల కోసం కేంద్ర పథకంలో డబ్బు సాయం కూడా ఉంది.

కాబట్టి తెలిసినవారెవరైనా బెయిలొచ్చీ లోపలే ఉండిపోతే, కోర్టు ఆవరణలో జామీను దొరుకుతుందంటూ వెంటపడే దళారికి డబ్బు పోయకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. షరతు సడలించమని పిటిషన్ వేసే వకీలును అక్కడ ఉచితంగా ఇస్తారు.