ఉప్పు దారిలో వచ్చిన సారా

నౌపడ అనగానే మన వాళ్లకు రెండు గుర్తొస్తాయి. ఒకటి ఉప్పు, రెండోది గుణుపురం బండి. కొండ మీద అన్నీ పండుతాయి గాని ఉప్పు పండదు. మన తాతలు, ముత్తాతలు చింతపండు, పసుపు, కందులు, అడ్డాకులు నెత్తిన పెట్టుకుని సంతకు దిగి ఉప్పు తెచ్చుకునేవారు. ఆ ఉప్పు ఇటువంటి తీరంలోని మడుల నుంచే కొండెక్కింది. ఈ సంచికలో మన ఆటపాటల గురించి, సవర గోడబొమ్మల గురించి, భాష గురించి పెద్దలు రాస్తున్నారు. మేము రాస్తున్నది అంత ఇంపైన విషయం కాదు. ఉప్పు వచ్చిన ఆ దారిలోనే కొండకు సారా ఎలా వచ్చింది, వచ్చి మన ఊళ్లను ఏం చేసింది అన్నది తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనుకున్నాం.

ముందుగా ఒక మాట. మన కుర్రాళ్లతో తాగుడు గురించి మాట్లాడితే చాలామంది ఇచ్చే జవాబు ఒకటే: "తాగడం మన సంస్కృతి కదా!" ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో, రెండో సగం ఏదో విడదీయాలంటే చరిత్రలోకి వెళ్లాల్సిందే.

సవర భాషలో మద్యానికి 'అలి' అని పేరు. కందికొత్త పండుగకైనా, పెళ్లికైనా, చనిపోయిన వారికి చేసే కర్మకైనా అది ఉండాల్సిందే. ముందు నేల మీద పెద్దల పేరున ఒలికించి, తర్వాతే మనుషులు తాగేవారు. పోడు కొట్టడానికి, కోతకు ఊరంతా ఒకరి చేనుకు వెళ్తే, ఆ ఇంటివారు కూలి ఇవ్వరు. తిండీ కల్లూ పెడతారు. రేపు వీళ్లు వాళ్ల చేనుకు వెళ్తారు. ఇదంతా నిజమే. కాని ఆ కల్లు ఎక్కడి నుంచి వచ్చేదో చూడండి. జీలుగు చెట్టు పదీ పదిహేనేళ్లు పెరిగితే గాని గెల వేయదు. గెలలు అయిపోయాక చెట్టే చచ్చిపోతుంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి పాడవుతుంది. దాన్ని దాచలేరు, దూరం మోయలేరు, అమ్ముకుని బతకలేరు. ఇప్పపువ్వు సారా దాగుతుంది, నిజమే. అయితే పువ్వు రాలేది ఏడాదిలో కొద్ది వారాలే, ఒక ఇల్లు ఏరగలిగేది కొన్ని తట్టలే. అంటే తాగుడుకు హద్దు పెట్టింది ఏ చట్టమూ కాదు. చెట్టు పెట్టింది, కాలం పెట్టింది, ఊరి పెద్దలు పెట్టారు. ఒక్కడే కూర్చుని రోజూ తాగడం అన్నది ఆ పద్ధతిలో కుదరని పని.

ఆ హద్దును చెరిపింది ఆదాయం. తెల్లదొరల ప్రభుత్వం 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం తెచ్చింది. కల్లు గీయాలన్నా, సారా కాయాలన్నా, అమ్మాలన్నా సర్కారు అనుమతి ఉండాలి; దుకాణాలకు పాట జరుగుతుంది; ఎక్కువ పాడినవాడిది హక్కు. మూడేళ్లకు ఉప్పు చట్టం కూడా వచ్చింది. తమాషా ఏమిటంటే, మద్రాసు రాజధానిలో ఉప్పునూ సారానూ చూసింది ఒకే శాఖ. దాని పేరే 'సాల్ట్ అండ్ ఆబ్కారీ'. నౌపడ మడుల్లో ఉప్పు దొంగతనంగా పోకుండా కాపలా కాసేదీ, కొండ కింద ఊళ్లో దొంగసారా పట్టుకునేదీ ఒకే కొలువు. మనిషి మానలేని రెండు వస్తువుల మీద పన్ను వేస్తే ఖజానా ఎప్పుడూ ఖాళీ కాదని ఆ దొరలకు బాగా తెలుసు. తర్వాతి కాలంలో మద్రాసు ప్రభుత్వ ఆదాయంలో దాదాపు నాలుగో వంతు మద్యం నుంచే వచ్చేది.

పాట పాడినవాడు ఏం చేస్తాడు? కట్టిన సొమ్ము రాబట్టుకోవాలి. ఎంత అమ్మితే అంత లాభం. పండుగ వచ్చేదాకా, పువ్వు రాలేదాకా అతను ఆగడు. ఏడాది పొడవునా దుకాణం తెరిచే ఉంటుంది. చేతిలో డబ్బు లేదా? అప్పు రాసుకుంటాడు. మనిషిని ఊరి మధ్య నుంచి లేపి దుకాణం ముందు కూర్చోబెట్టిన మార్పు ఇదే. తాగే వస్తువు కంటే తాగించే పద్ధతి మారడం పెద్ద దెబ్బ అని మా అభిప్రాయం.

కొండవాళ్లు దీన్ని నోరు మూసుకుని భరించారని అనుకోవద్దు. ఆబ్కారీ చట్టానికి ముందే, 1879 మార్చిలో గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు లేచింది. కారణాల్లో పెద్దది కల్లు పన్నే. అంతవరకు తమ చెట్లను తాము గీసుకున్న కొండరెడ్లు, కోయలు ఇకపై కల్లు పాటదారుకు సొమ్ము కట్టాలన్నారు. అప్పటికే మన్సబుదారు 'చిగురుపన్ను' పేరుతో పీడిస్తున్నాడు. పోలీసు ఠాణాలు తగలబడ్డాయి, మన్యం అంతా అంటుకుంది, అణచడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. రంప అంటే అందరికీ 1922 నాటి అల్లూరి సీతారామరాజే గుర్తొస్తాడు. ఆయనకు నలభై ఏళ్ల ముందు, ఇంటి చెట్టు కల్లు మీద హక్కు కోసం కూడా మన్యం లేచిందన్న సంగతి పాఠాల్లో ఒక్క వాక్యంతో దాటిపోతుంది.

ఇక మన రైలు. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న బండి వేయించారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. 1930ల మొదటికి అది గుణుపురం చేరింది. ఆ దారి పొడవునా ఇటూ అటూ సవర ఊళ్లే. సరుకు రావడం, పోవడం తేలికైంది. సంతలు పెరిగాయి, షావుకార్లు పెరిగారు. దారి ఎవరి సొత్తూ కాదు కదా, మంచీ చెడూ రెండూ ఎక్కుతాయి. పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవరలో చదువుకునే పుస్తకాలు రాసి, మన పిల్లలకు బడులు పెట్టించారు.

ఆ దారి చివర గుణుపురం దగ్గర మరిచిగూడలో 1936లో జరిగింది మన వాళ్లందరూ తెలుసుకోవాలి. మంగెయి గొమాంగో అనే సవర పెద్ద 24 అక్షరాలతో సొరంగ్ సంపెంగ్ లిపిని రూపొందించారు. ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత పేరు. అక్షరాన్నే దైవంగా కొలిచే మతం దాని చుట్టూ పుట్టింది. ఆ మతంలో చేరినవారు జంతుబలినీ మద్యాన్నీ వదిలేశారు. అదే కాలంలో క్రైస్తవంలోకి వెళ్లిన సవరలూ తాగుడు మానారు. ఏ మతం మంచిదన్నది మా ప్రస్తావన కాదు. మద్యం వదిలితే సవరతనం పోతుందని ఎవరైనా అంటే, సవర లిపిని పుట్టించిన చోటే మద్యం వదిలారన్నది గుర్తుంచుకోమంటున్నాం.

స్వాతంత్ర్యం వచ్చాక కథ అటూ ఇటూ ఊగింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది ఈ నిషేధం గొడవ మీదే, అదీ ఒక్క ఓటు తేడాతో. 1968లో ఎక్సైజ్ చట్టం వచ్చింది, మళ్లీ పాటలు వచ్చాయి. 1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో పోసి పల్లెలకు పంపింది. కుండ అవసరం లేదు, దుకాణం దాకా నడక అవసరం లేదు. జేబులో పట్టే ప్యాకెట్!

మన జిల్లాలో అప్పు ఏం చేసిందో వేరే చెప్పాలా? సారాకు, గింజలకు, పెళ్లికి తెచ్చిన అప్పు వడ్డీ మీద వడ్డీ పెరిగి భూమిని మింగింది. తన చేలో తానే పాలేరు అయినవారి కథలు మన ప్రతి గూడెంలోనూ ఉన్నాయి. 1960ల్లో గిరిజన సంఘం లేచింది ఈ అప్పుల మీద, కూలి మీద, పోడు భూమి మీద. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు మహాసభకు నడిచి వెళ్తున్నవారిపై లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత జరిగినదంతా పెద్ద చరిత్ర. 1970లో వచ్చిన 1/70 నిబంధన ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంది. కాని అది షెడ్యూల్డ్ ప్రాంతానికే. నౌపడ వైపు నుంచి కొండకేసి వెళ్తే మెళియాపుట్టి, మందస మండలాల్లో ఎన్నో గిరిజన గ్రామాలు షెడ్యూలుకు బయటే ఉండిపోయాయి. అక్కడ ఆ రక్షణ కాగితం మీద కూడా లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, చదువుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. రెండేళ్లకే, 1997లో, రెండోది ఎత్తేశారు. దుకాణాలు ఆ తర్వాత 2019లో సర్కారు చేతికి వెళ్లాయి, 2024లో మళ్లీ ప్రైవేటుకు వచ్చాయి. చేతులు మారాయి, సీసా మారలేదు. ఆ సీసాలోది నూటికి దాదాపు 43 పాళ్లు మద్యం. జీలుగు కల్లుకూ దానికీ పోలికే లేదు. తాత ముంత తాగాడు కాబట్టి నేను క్వార్టర్ తాగుతాను అనడం లెక్క తెలియని మాట.

ముప్పై గడపల ఊళ్లో నలుగురు మగవాళ్లు పనికి రాకుండా పోతే ఏమవుతుందో పట్నం వాళ్లకు అర్థం కాదు. కోతకు మనుషులు చాలరు, బదులు చేతులు ఆగిపోతాయి, కూలి పెట్టాల్సి వస్తుంది, దానికి అప్పు. ఆడవాళ్లు రెండు పనులూ చేస్తారు. పెద్ద పిల్ల బడి మానేస్తుంది. ఒక ఇంటి తాగుడు ఊరంతటి లెక్కలోకి వస్తుంది. మేము ఊళ్లు తిరిగినప్పుడు ఇవే మాటలు ముసలి అమ్మలు మళ్లీ మళ్లీ చెప్పారు.

ఇప్పుడు గంజాయి. ఇది మన ముందు తరానికి లేని గండం. మన్యంలో, ఒడిశా సరిహద్దులో గంజాయి సాగుకు పెట్టుబడి బయటివాళ్లది, భూమి మనది, కూలి మనది, జైలు కూడా మనది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు 2 లక్షల కిలోలకు పైగా గంజాయిని ఒక్కసారే తగలబెట్టారు. దాని అసలు యజమానుల ముఖాలు ఆ మంటల వెలుగులో ఎవరికీ కనిపించలేదు. తమ్ముడూ, ఎవరో ఒక సంచి ఇచ్చి, బండెక్కి ఫలానా స్టేషనులో దింపితే డబ్బులిస్తామంటే ఈ లెక్క గుర్తుపెట్టుకో: 1985 నాటి చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు, ఎక్కువైతే ఇరవై, పైన లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. బెయిలు రావడం చాలా కష్టం. సంచి ఇచ్చినవాడు జామీనుకు రాడు.

చట్టంలో మన చేతికి అందిన ఆయుధం ఒకటుంది. 1996 నాటి పెసా చట్టం మద్యాన్ని, మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే, అడ్డుకునే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకు, పంచాయతీకి ఉండేలా చూడమంది. మన రాష్ట్రంలో దానికి నియమాలు 2011లో వచ్చాయి. మీ ఊరు షెడ్యూలులో ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే, గ్రామసభ పుస్తకంలో ఈ విషయం ఎప్పుడైనా తీర్మానం అయ్యిందేమో అడిగి చూడండి. లేకపోతే, షెడ్యూలులో చేర్చమని ఇన్నేళ్లుగా అర్జీలు పెట్టిన పెద్దల దగ్గర ఆ కాగితాల నకళ్లు ఉంటాయి, తీసుకోండి.

వచ్చే సంచికకు మాకు ఒక పని చేసిపెట్టండి. మీ ఇంట్లో ముసలివాళ్లను కూర్చోబెట్టి అడగండి: మన భూమి ఏది, ఎప్పుడు, ఎవరికి, ఎంత అప్పుకు పోయింది? ఆ అప్పులో సారా ఎంత, గింజలు ఎంత? ఫోనులో వారి గొంతు రికార్డు చేయండి. సవరలో చెప్తే సవరలోనే ఉంచండి. పేర్లు అచ్చు వేయం. పంపండి.